లైటు పోయిందని చెప్పిన మాట

తిరుత్తణి జుడీషియల్ మేజిస్ట్రేట్ గారి ఎదుట. తేదీ 27-06-2025, శుక్రవారం. మొదలుపెట్టిన సమయం ఉదయం 11.20.

నా పేరు మంజు. వయసు నలభై ఒకటి. భర్త పేరు చంద్రు. మాది పొదటూరుపేట, వృత్తి చేనేత. ఎనిమిదో తరగతి వరకు తెలుగులో చదివాను. తమిళం బాగానే మాట్లాడతాను గాని చదవడం నిదానం. నేను సంతకం పెట్టబోయే కాగితాన్ని నేనే చదువుకోవాలి కాబట్టి తెలుగులో రాయమని అడిగాను. కోర్టు గుమాస్తా సుగంధి గారు రాస్తున్నారు.

మేజిస్ట్రేట్ గారు పోలీసులను బయటికి పంపించి తలుపు వేయించారు. నేను ఏమీ చెప్పనక్కర్లేదని, చెబితే అది నా మీదికే రావచ్చునని చెప్పారు. నిన్న కూడా ఇదే చెప్పి, ఒక రోజు ఆలోచించుకోమని పంపించారు. ఆలోచించాను. పది రోజులుగా నేను చేస్తున్న పని అదే. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. చెప్పొద్దని బతిమాలినవాళ్లు ఉన్నారు. చెప్పమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ నెల 17వ తేదీ, మంగళవారం, మా ఇంటి ముందు కరెంటు స్తంభం మీద లైన్‌మ్యాన్ తంగరాజు చనిపోయాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు సరిగా తీయలేదని అతని వెంట వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు అరవిందన్‌ను పట్టుకున్నారు. అతను ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అరవిందన్ తప్పు చేయలేదు. ఆ తీగలోకి కరెంటు మా ఇంట్లోంచి వెళ్లింది. ఎలా వెళ్లిందో మొదటి నుంచి చెబుతాను.

నిరుడు మా నేతగాళ్ల సంఘం హాల్లో కరెంటు ఆఫీసు వాళ్లు మీటింగు పెట్టారు. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే పగలు మనకు కావలసింది మనం వాడుకోవచ్చు, మిగిలింది వీధి తీగలోకి పోతుంది, పోయినదాన్ని బిల్లులో తగ్గిస్తారు అని చెప్పారు. సబ్సిడీ ఉంటుందన్నారు. నా భర్తకు నమ్మకం లేదు. "ఉచితంగా ఇస్తామంటే దాంట్లో ఏదో ఉంటాది మే" అన్నాడు. పోరి ఒప్పించింది నేనే. జనవరిలో పలకలు పెట్టారు. రెండు వైపులా లెక్క చూపించే మీటరు తంగరాజే వచ్చి బిగించాడు. బిగించి నన్ను పిలిచి చూపించాడు.

"చూడక్కా, ఈ గుర్తు వెలిగితే మీ ఇంటి కరెంటు వీధికి పోతాండాదని అర్థం. ఇంకమీదట నేను మీ ఇంటికి బిల్లు కట్టాల్సి వస్తాదేమో."

నేను నవ్వాను. తర్వాత చాలా రోజులు మధ్యాహ్నం పూట ఆ గుర్తు చూడటానికి వరండాలోకి వెళ్లేదాన్ని. మా ఇంటి కరెంటుతో ఎదురింటి ఫ్యాను తిరుగుతోందని గొప్పగా ఉండేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లోంచి కరెంటు బయటికి పోతుందన్న సంగతి నాకు తెలియదని రేపు ఎవరూ నా తరఫున చెప్పకూడదు. తెలుసు.

ఫిబ్రవరిలో ఒక రోజు పట్టపగలు కరెంటు పోయింది. పలకల మీద ఎండ మండుతోంది. ఇంట్లో లైటు లేదు, ఫ్యాను లేదు. పలకలు పెట్టిన కంపెనీకి ఫోను చేశాను. వీధిలో కరెంటు లేకపోతే పలకల కరెంటును ఇంట్లోకి ఇచ్చే మీ సోలార్ పెట్టె కూడా ఆగిపోతుంది, రూలు అంతే, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు అన్నారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. చేతిలో వెన్న పెట్టుకొని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టయింది మా పని. మాకు గుంట మగ్గాలు రెండు. గుంట గదిలో పగలు కూడా లైటు లేనిదే పోగు కనబడదు.

నా తమ్ముడు వైరింగు పని చేస్తాడు. పేరు విజయకుమార్, వయసు ముప్ఫై నాలుగు, ఆర్.కె.పేటలో ఉంటాడు. తమ్ముడి పేరు చెప్పనక్కర్లేదని మా వకీలు అన్నాడు. చెబుతున్నాను. మార్చి 9న, ఆదివారం, నేనే పిలిపించాను. మా ఇంట్లో పాత బ్యాటరీ పెట్టె ఒకటి ఉంది. దాన్నీ సోలార్ పెట్టెనూ కలిపి, కరెంటు పోయినా ఇల్లు నడిచేలా తీగ వేశాడు. మగ్గం గుంటలో కూర్చుంటే చేతికి అందేలా గోడకు ఒక స్విచ్ పెట్టాడు. పెట్టి ఇలా చెప్పాడు:

"అక్కా, కరెంటు పోతే ముందు వరండాలో మెయిన్ దించు. దించినాకనే ఈ స్విచ్ వెయ్యి. మరిస్తే కరెంటు తిరిగొచ్చినప్పుడు పెట్టె కాలిపోతాది. అదంతా దానికదే మార్చుకునే స్విచ్ ఒకటి ఉండాది, తిరువళ్ళూరులో దొరకతాది. వచ్చే వారం తెచ్చి పెడతా."

ఆ వచ్చే వారం రాలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయినప్పుడల్లా మెయిన్ దించి స్విచ్ వేశాను. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఈ సంగతి ఇంట్లో మా ఇద్దరికీ, నా తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు. కరెంటు ఆఫీసు వాళ్లకు తెలిస్తే పలకలు ఊడదీసుకుపోతారని భయం. తంగరాజుకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు తంగరాజుకూ మా ఇంటికీ ఉన్న వాడుక చెప్పాలి. అతను మా వీధికి లైన్‌మ్యాన్‌గా వచ్చి పన్నెండేళ్లు. మా ఇల్లు వీధిలో చివరిది, చివరి స్తంభం మా గుంట గది కిటికీకి ఎదురుగా పది అడుగుల్లో ఉంది. మా వీధి తీగల్లో ఏ పని చేయాల్సి వచ్చినా ఫ్యూజులు తీశాక ఆ కిటికీ దగ్గరికి వచ్చి, "అక్కా, లైటు పోయినాదా?" అని అడిగేవాడు. నేను లోపలి నుంచి "పోయినాది" అనేదాన్ని. అప్పుడు ఎక్కేవాడు. నేను లేకపోతే మా అత్తగారిని అడిగేవాడు. ఆమె పోయాక నన్నే. ఒకసారి, నాలుగేళ్ల కిందట, "ఇంకా ఉండాదన్నా" అన్నాను. తిరిగి వెళ్లి చూస్తే ఒక ఫ్యూజు ఉండిపోయిందట. ఆ రోజు నుంచి వీధిలో అందరి ముందూ "మంజక్కే నా టెస్టరు" అని ఆటపట్టించేవాడు. దీపావళికి స్వీటు పెట్టె తెచ్చి, "ఇది టెస్టరుకు" అని ఇచ్చేవాడు.

తంగరాజు సంచిలో టెస్టరు ఉండగా అతను ఎందుకు వాడలేదని పోలీసులు అడిగారు. వాడాల్సింది. కానీ పన్నెండేళ్లలో నేను అతనికి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

17వ తేదీ సంగతి. ఆ రోజు ఉదయం నా భర్త నేసిన చీరలు ఇవ్వడానికి తిరుత్తణి వెళ్లాడు. మా అమ్మాయి తనుశ్రీ కాలేజీకి వెళ్లింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. ఎనిమిదిన్నరకు గుంటలోకి దిగి పడుగు అతకడానికి కూర్చున్నాను. పాత పడుగు అయిపోతే, కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసకు కలిపి మెలిపెడతాం. వేళ్లకు బూడిద అద్దుకొని చేస్తాం. పోగులు వందలుగా కట్టలు కట్టి ఉంటాయి. ఒక కట్ట విప్పితే ఆ కట్ట అయ్యేదాకా లేవం. మధ్యలో లేస్తే పోగులు ఒకదానిలో ఒకటి పడతాయి, మళ్లీ విడదీసుకోవడానికి సగం పూట పోతుంది. మా ఇళ్లల్లో పసిబిడ్డ ఏడ్చినా, వాకిట్లో చుట్టాలొచ్చినా కట్ట అయ్యాకే లేస్తారు. నాకు పదకొండో ఏట నేర్పారు.

పది గంటలా ఇరవై నిమిషాలకు కరెంటు పోయింది. గోడ గడియారం నాకు ఎదురుగా ఉంటుంది. పాత తీగ మారుస్తారని ముందు రోజు తంగరాజు చెప్పి ఉన్నాడు, కాబట్టి ఆశ్చర్యపోలేదు. నా చేతిలో ఉన్న కట్టలో నలభై రెండు పోగులు మిగిలాయి. లెక్క పెట్టాను. వరండాలోకి వెళ్లి మెయిన్ దించాలంటే లేవాలి. నలభై రెండు పోగులంటే అరగంట కూడా కాదు. అవి అయ్యాక లేచి దించుదాంలే, ఈలోగా కరెంటు తిరిగి రాదు, పెట్టె కాలిపోదు అనుకున్నాను. చేయి చాపి స్విచ్ వేశాను. లైటు వెలిగింది.

నేను ఆలోచించింది మా పెట్టె గురించి. వీధి గురించి, మెయిన్ దించకపోతే అదే కరెంటు వీధి తీగలోకి పోతుందన్న దాని గురించి ఆలోచించలేదు.

పదీ ముప్ఫై అయిదుకు తంగరాజు కిటికీ దగ్గరికి వచ్చాడు. కిటికీకి దోమతెర ఉంది, బయట ఎండ. లోపలి లైటు అతనికి కనబడలేదు. అతని తల, భుజాలు నాకు కనబడ్డాయి. పసుపు రంగు హెల్మెట్ పెట్టుకున్నాడు.

"అక్కా, లైటు పోయినాదా?" అన్నాడు.

లైటు నా తల మీదే వెలుగుతోంది. ఉంది అంటే ఎలా ఉంది అని అడుగుతాడు. ఎలా ఉందో చెబితే తీగ కలిపిన సంగతి బయటపడుతుంది. పాపం, ఎవరికీ చెప్పకుండా ఉండేవాడేమో. అంత దూరం ఆలోచించలేదు. ఈ లైటు మా బ్యాటరీది, వీధిది కాదు, అతను అడుగుతున్నది వీధి కరెంటు గురించి, అది పోయింది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఒక్క క్షణం పట్టింది.

"పోయినాది" అని చెప్పాను.

నేను వెంటనే చెప్పలేదని కాబోలు, అతను కదల్లేదు. "బాగా చూసి చెప్పక్కా" అన్నాడు.

నా వేళ్లల్లో పోగు ఉంది. నాకు విసుగొచ్చింది. "పోయినాదని చెప్తాండా గదన్నా. ఎన్నిసార్లు చెప్పాల?" అన్నాను.

"సరి సరి, కోప్పడద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతను నాతో మాట్లాడిన చివరి మాట అదే.

నిచ్చెన స్తంభానికి ఆనించిన చప్పుడు విన్నాను. అరవిందన్‌తో ఏదో అన్నాడు, ఆ మాట వినబడలేదు. నేను పోగులు అతుకుతూనే ఉన్నాను. గడియారంలో పదీ నలభై రెండు. లైటు ఒకసారి మసకబారి మళ్లీ వెలిగింది. బయట అరవిందన్ "అన్నా" అని కేకేశాడు. మళ్లీ కేకేశాడు. మూడోసారి వేసిన కేక మనిషి గొంతులా లేదు.

గుంటలోంచి లేచాను. పోగులు తెగాయి. కిటికీలోంచి చూస్తే తంగరాజు బెల్టు మీద వెనక్కి వాలి ఉన్నాడు, కుడి చేయి తీగను పట్టుకొని ఉంది. ఇప్పుడు చెప్పేది పోలీసులకు కూడా చెప్పలేదు. నేను బయటికి పరుగెత్తలేదు. అరవలేదు. ముందు వెనక్కి తిరిగి స్విచ్ ఆపాను. అది ఆపగానే అతని చేయి తీగను వదిలింది. ఎవరూ నాకు చెప్పకుండానే నా చేయి ఆ స్విచ్ మీదికే వెళ్లింది. కాబట్టి ఏం జరిగిందో అర్థం కాలేదని నేను అనలేను.

తర్వాత బయటికి వెళ్లాను. అప్పటికి అరవిందన్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు పరుగెడుతున్నాడు. తీసిన మూడు ఫ్యూజులూ అతని సంచిలోనే ఉన్నాయని తర్వాత తెలిసింది. అయినా తన మీద తనకే అనుమానం వచ్చి, ఏదైనా మరిచానా అని ఫ్యూజుల పెట్టెలో చేయి పెట్టి చూశాడట. అలా చూస్తుండగా వీధిలో ముగ్గురు అతన్ని చూశారు. తంగరాజుకు షాకు కొట్టాక ఫ్యూజులు తీసి సంచిలో వేసుకున్నాడని చెప్పింది ఆ ముగ్గురే. వాళ్లు అబద్ధం చెప్పలేదు. చూసింది చెప్పారు. వాళ్లు చూడనిది నా దగ్గర ఉంది.

తంగరాజును నలుగురు కలిసి దించారు. ఆటోలో తీసుకుపోయారు. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో మధ్యాహ్నం ఒకటిన్నరకు ప్రాణం లేదని చెప్పారని వీధిలో అన్నారు. అతనికి నలభై నాలుగేళ్లు. నేను తంగరాజు ఇంటికి వెళ్లలేదు. ఇప్పటికీ వెళ్లలేదు.

నాలుగు గంటలకు నా తమ్ముడు బండి మీద వచ్చాడు. నేనే ఫోను చేశాను. పది నిమిషాల్లో కలిపిన తీగ తీసేశాడు, స్విచ్ ఊడదీశాడు, గోడకు పడ్డ చిల్లులు సిమెంటు పెట్టి మూశాడు. "అక్కా, నువ్వేం చూళ్ళేదు, నాకేం తెలీదు. నాకు ఇద్దరు బిడ్డలుండారు" అన్నాడు. నా కాళ్లు పట్టుకున్నాడు. వాడి మాట ఇన్నేళ్లలో నేను ఒక్కటీ కాదనలేదు. అప్పుడు కూడా సరే అన్నాను.

అతను వెళ్లాక గుంటలోకి దిగి, తెగిన పోగులు వెతికి, మిగిలినవన్నీ అతికాను. ఎందుకు చేశానో నన్ను అడగొద్దు. ఏడింటికి నా భర్త వచ్చేసరికి కట్ట అయిపోయింది. జరిగింది ఆ రాత్రే అతనికి చెప్పాను.

మరునాడు కరెంటు ఆఫీసు నుంచి ఇంజనీరు, పోలీసులు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. సోలార్ పెట్టె చూసి, కరెంటు పోతే ఇది ఆగిపోతుంది గదా అన్నారు. ఆగిపోతుంది అని నా భర్త చెప్పాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం గోడకు ఆనుకొని నిలబడ్డాం. వాళ్లు వెళ్లాక అరవిందన్‌ను తీసుకుపోయారని తెలిసింది.

23వ తేదీ సోమవారం నేను తిరుత్తణి బస్సెక్కాను. నా పక్కన ఒకామె కూర్చుంది. ఒళ్లో టిఫిను డబ్బా, చేతిలో కాగితాలు. పేరు వళ్ళియమ్మ అని, అరవిందన్ భార్య అని మాటల్లో తెలిసింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఏ ఊరని అడిగితే పొదటూరుపేట అన్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"నీకు ఆ వీధి తెలుసా మ్మా? మా ఆయన మూడూ తీసినాడు. తీసి సంచిలో ఏసుకున్నాడు. ఇరవై ఏండ్లుగా ఆ పనే చేస్తాండాడు. ఇప్పుడు ఆయనే అంటాండాడు, నేనే ఏదో మరిచిపోయింటానేమో వళ్ళీ, లేకుంటే అన్న ఎట్ల చచ్చిపోతాడు అని. చెయ్యని తప్పు చేసినానని ఒప్పుకుంటా అంటాండాడు. నేనేం చెప్పేది ఆయనకు?"

పోలీసులు అతన్ని జైల్లో పెట్టారన్నది నేను ఇంకా కొన్నాళ్లు మోసేదాన్నేమో. కానీ నేను చేసింది తానే చేశానని అతను నమ్మడం మొదలుపెట్టాడు. అది నావల్ల కాలేదు. నాకు చెప్పరానంత సిగ్గేసింది. ఆమె ముందే దిగిపోయింది. కండక్టరు వచ్చి, "దిగమ్మా, ఇదే ఆఖరు" అని లేపాడు.

ఇంటికి వెళ్లి, పోలీసులకు అంతా చెప్పేస్తానని నా భర్తతో అన్నాను. "నీ తమ్ముణ్ని నువ్వే పట్టిస్తావా? మన బిడ్డ సంగతి ఏమి? పోయినోడు తిరిగొస్తాడా?" అన్నాడు. కోపంగా అనలేదు, అడిగాడు. పోయినవాడు రాడు, లోపల ఉన్నవాడు రావచ్చు అన్నాను. బుధవారం నేను పోలీసు స్టేషనుకు బయల్దేరితే చెప్పులేసుకొని వెంట వచ్చాడు. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చొని ఉన్నాడు. నా తమ్ముడు ఫోను ఎత్తడం లేదు.

ఎవరిది ఎంతో విడదీసి చెబుతాను. తీగ కలిపింది విజయకుమార్, నేను అడిగితే కలిపాడు. ఆ రోజు అతను మా ఇంట్లో లేడు. తర్వాత తీగ తీసేసింది అతనే, అది కూడా నేను పిలిస్తేనే. మెయిన్ దించకుండా స్విచ్ వేసింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను. సిమెంటు పెట్టిన చోటు గోడ మీద ఇంకా తెల్లగానే ఉంది, వచ్చి చూసుకోవచ్చు. మీటరులో ఆ రోజు లెక్క కూడా ఉంటుందేమో. అది చూసి పట్టుకుంటారన్న భయంతో నేను రాలేదు.

ఇంకేమైనా చెప్పాలా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. ఒకటుంది. తంగరాజు కరెంటు ఉందో లేదో తెలుసుకోకుండా, అజాగ్రత్తగా స్తంభం ఎక్కాడని పోలీసులు రాసిన కాగితంలో ఉందని వకీలు చెప్పాడు. అది తీసేయాలి. అతను అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

పై సంగతులన్నీ నేను నా ఇష్టంతో చెప్పాను. సుగంధి గారు చదివి వినిపించారు, తర్వాత నేను కూడా వేలు పెట్టి చదువుకున్నాను. రెండో కాగితంలో ఒకచోట "పోయినాది అని చెప్పినట్టు నాకు జ్ఞాపకం" అని రాసి ఉంది. అలా రాయడం వాడుక అని సుగంధి గారు అన్నారు. "చెప్పినట్టు నాకు జ్ఞాపకం" అన్న మాటలు కొట్టేయించి, "చెప్పాను" అని మార్పించి, పక్కన నా పొడి సంతకం పెట్టాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, నిజం.

సమయం మధ్యాహ్నం 1.05.

(సంతకం)
సి. మంజు